అన్నం మానకు అల్లుడా, కంచం సర్దుకో

హనుమకొండ

అల్లుడా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. నువ్వు బరువు తగ్గాలని పట్టుబట్టినవట. క్యాలరీలు లెక్కవెట్టే యాప్ ఫోన్‌ల నుంచి తీసేసి, ఏ లెక్కలు లేకుండనే తగ్గి చూపిస్త అన్నవట. విని సంతోషమైంది. ముప్పై ఏండ్లకే తన పొట్ట సంగతి తాను పట్టించుకున్నోడు మన ఇంట్ల ఇంతకుముందు లేడు. కానీ మీ అమ్మ ఇంకో మాట గూడ చెప్పింది. పొద్దున ఏం తినకుండ డ్యూటీకి పోతున్నవట, రాత్రి అన్నం ముట్టుతలేవట. ఆ మాట విన్నకాడి నుంచి మనసు నిమ్మలంగ లేదు. ఫోన్‌ల చెప్తే "సరే మామా" అని పెట్టేస్తవ్, అందుకే రాస్తున్న.

లెక్కలు వద్దన్నందుకు నేనేం అనను. మీ అమ్మ చేసే సర్వపిండిల నూనె ఎంత, గంగవాయిలి కూర పప్పుల పప్పు ఎంత అంటే ఏ యాప్ చెప్తది? అయినా కొలత ఒకటి ఉండాలె. నీ నడుముకు మొలతాడు ఉన్నది గద, ముడి మార్చాల్సి వస్తున్నదంటే అర్థం చేసుకో. ఇంకింత సరిగ్గ కావాలంటే టేపు తీసుకొని, కింది పక్కటెముకకు తుంటి ఎముకకు నడుమ చుట్టి, ఊపిరి వదిలినాక చూడు. మన దేశంల మగోళ్లకు 90 సెంటీమీటర్లు, ఆడోళ్లకు 80 దాటొద్దంటరు డాక్టర్లు. నెలకొక్కసారి కొలిస్తే చాలు. బరువు మిషన్ రోజూ ఎక్కకు. ఉప్పు ఎక్కువ తిన్నా, నైట్ షిఫ్ట్ చేసినా కిలో అటో ఇటో అయితది, దానికి నువ్వు పొద్దంత దిగులు పడుతవ్.

కూల్‌డ్రింక్ బంజెయ్, 300 మిల్లీల సీసాల దగ్గర దగ్గర 30 గ్రాముల చక్కెర ఉంటది. చాయ్‌ల చక్కెర సగం చెయ్. మెల్లగ నమిలి తిను, కడుపు నిండిందని మెదడుకు ఎరుకయ్యేసరికి ఇరవై నిమిషాలు పడుతది. ఫోన్ చూసుకుంట తినకు. ఇవన్ని నీకు తెలిసినయే.

ఇగ అన్నం ముచ్చట. మీ అమ్మ నీ కంచంల గుట్ట పెడుతదని విసుక్కుంటున్నవట. ఆమెను విసుక్కోకు. ఆమె, నేను పెద్దపల్లి దిక్కు మెట్ట ఊర్లె తోడబుట్టినం. జొన్న గట్క, మక్క గట్క, అంబలి, ఇవే రోజూ. తెల్లన్నం అంటే పండుగకో, చుట్టాలొస్తేనో. 1983ల రెండు రూపాయలకు కిలో బియ్యం వచ్చినయ్. శ్రీరాంసాగర్ నుంచి కాకతీయ కాలువ నీళ్లొచ్చిన ఊర్లల్ల వరి పెరిగింది. జొన్న చేన్లు కండ్ల ముందరనే పోయినయ్. మీ అమ్మకు కంచం నిండ తెల్లన్నం పెట్టుడంటే నా కొడుకుకు లోటు లేదని చెప్పుడు. ఆ చెయ్యిని ఆపకు, వేరే దిక్కు తిప్పు. "అమ్మా, ఇంకింత కూర వెయ్" అను. బీరకాయనో, ఆనిగెపుకాయనో, పుంటికూరనో రెండింతలు వండమను. ఆమెకు పెట్టిన తృప్తి ఉంటది, నీకు కడుపు నిండుతది.

కంచంల సగం కూరగాయలు, ఆకుకూరలు, పండ్లు ఉండాలని తార్నాకల ఉన్న జాతీయ పోషకాహార సంస్థ గూడ చెప్తది. మిగిలిన సగంల ఒక పాలు పప్పో, గుడ్డో, చేపనో. ఒక పాలు అన్నమో రొట్టెనో. ముందుగాల కూర, పప్పు తిను, అన్నం తర్వాత కలుపుకో. అట్ల తింటే అన్నం తనంతట తనే తగ్గుతది, రక్తంల చక్కెర గూడ ఒక్కసారి లేవదు. ఆఖరుకు రెండు ముద్దలు పెరుగన్నం నీ ఇష్టం, నేను గూడ అది లేకుండ లేవను. తెలంగాణ సోనా బియ్యం తెచ్చుకుంటున్నవని చెప్పింది మీ అమ్మ. రాజేంద్రనగర్‌ల తయారైన మంచి రకం, చక్కెర జర మెల్లగ పెంచుతదంటరు. కానీ మూడోసారి వడ్డించుకుంటే అది గూడ అన్నమే. జొన్నరొట్టె సంగతి గూడ అంతే, రెండు తింటే మంచిది, ఐదు తింటే ఎక్కువే.

మీ నాన్న ముచ్చట చెప్పాలె ఇప్పుడు. ఆయనను అడిగి, రాయమన్నాకనే రాస్తున్న. నీకు ఇది పూర్తిగ ఎరుక లేదు.

బావ, నేను ఒకే బొగ్గుబాయిల ఫిల్లర్లం. తట్టా చెమ్మస్ (పార)తోని బొగ్గు ఎత్తి టబ్బులు నింపేది. అడుగున ఉడుకు, చెమట, ఊపిరి ఆడదు. పైకొచ్చినంక ఎంత అన్నం తిన్నా కడుపుల ఏడికి పోయిందో తెలిసేది కాదు. ఆ పనికి ఆ తిండి కావాలె, అందుల తప్పేం లేదు. తర్వాత మోకాలు దెబ్బతిని ఆయనకు సర్ఫేస్ మీద, అంటే బాయి బయట, తేలిక పని ఇచ్చిండ్రు. అప్పుడు నువ్వు చిన్న బడికి పోతున్నవ్. చెమ్మస్ పట్టిన చేతులు కూసోని రిజిస్టర్ రాయవట్టినయ్, కంచం మాత్రం ఫిల్లర్ కంచమే. కొన్నేండ్లల్ల పొట్ట ముందుకొచ్చింది, పరీక్షల షుగర్ దొరికింది, డాక్టర్ గోళీ రాసిండు. గోళీ వేసుకొని, తిండి సర్దుకుంటే అయిపోయేది.

కాలనీల ఒకాయన, మంచి మనసుతోనే, అన్నం మొత్తానికే బంజేస్తే షుగర్ పోతది, పొట్ట పోతది అన్నడు. మీ నాన్న ఏది మొదలువెట్టినా సగంల ఆపే మనిషి కాదు. తెల్లారినుంచి అన్నం లేదు, రొట్టె లేదు. పొద్దున గోళీ, ఇంత చాయ్. పగటీలి దోసకాయ ముక్కలు. రాత్రి చల్ల. నెల తిరిగేసరికి బాగ తగ్గిండు. కాలనీ అంత మెచ్చుకున్నది, ఎట్ల తగ్గినవ్ అని ఇంటికొచ్చి అడిగిండ్రు. మీ అమ్మ ఒక్కతే పొయ్యి కాడ కూసోని ఏడ్చింది. ఆ మనిషి అన్నం తినకపోతే నాకెట్ల ముద్ద దిగుతది అని.

ఆయన మింగేది గ్లిబెన్‌క్లమైడ్ జాతి గోళీ. అసొంటి గోళీలు కడుపుల తిండి ఉన్నదా లేదా అని చూడవు, చక్కెరను దించుకుంటనే పోతయ్. ఎండకాలం, ఫస్ట్ షిఫ్ట్ దిగి ఇంటికొస్తున్నడు. చౌరస్తా కాడికి వచ్చేసరికి ఒళ్లంత చెమట, కాళ్ల వణుకు, కండ్లకు మసక. ఓ దుకాణం మెట్ల మీద కూలవడ్డడు. పోయేటోళ్లు చూసుకుంట పోయిండ్రు. "పగటీలే తాగిండు" అన్నరట. మీ నాన్న జీవితంల కల్లు గూడ ముట్టినోడు కాదు. ఆ మాట చెవులవడుతున్నది, కాదని చెప్పనీకి నోరు తిరుగుతలేదు. ఇన్నేండ్లయినా ఆ పడిపోవుడు కంటే ఆ మాటనే ఎక్కువ బాధ పెట్టిందంటడు.

పక్కన చాయ్ బండాయనకు గూడ షుగరే. చెమట చూసి గుర్తువట్టిండు. గ్లాసు నీళ్లల్ల మూడు చెంచాల చక్కెర కలిపి తాగిపిచ్చిండు. పావుగంటకు మనిషి తేరుకున్నడు. ఇంకో పావుగంట అయితే ఏమయ్యేదో నేను ఆలోచించను. (తెలివి తప్పినోళ్ల నోట్లె మాత్రం ఏదీ పోయొద్దు, అది గొంతులకు పోతది, దవాఖానకే తీస్కపోవాలె. నీ తోటోళ్లకు గూడ చెప్పు.)

ఆ తర్వాత ఏమైందో ఇను. భయంతోని రెండు గంటలకొకసారి తినుడు మొదలువెట్టిండు. తగ్గిన బరువు అంతా వచ్చింది, మీదికెళ్లి ఇంకింత వచ్చింది. అదే ఏడు కుడిదిక్కు డొక్కల నొప్పి లేచింది. స్కాన్ తీస్తే పిత్తాశయంల రాళ్లు. బరువు గబగబ దింపుకుంటే ఆ రాళ్లు పుట్టే అవకాశం పెరుగుతదని డాక్టర్ అప్పుడు చెప్పిండు. ఆపరేషన్ అయింది. నిన్ను మా ఇంట్ల పండవెట్టుకొని, మీ నాన్న ఊరికి పోయిండని చెప్పినం.

నీకు షుగర్ లేదు, గోళీ లేదు, నాకు ఎరుకే. అయినా నాకు నిద్రపడుతలేదంటే కారణం నువ్వు ఎక్కే బండి. బదిలీ వర్కర్‌గ (డ్యూటీకి రానోళ్ల జాగల పనిచేసేటోడు) చేరి, పరీక్ష రాసి, నీ చేతుల బలంతోని డంపర్ ఎక్కినవ్. ఆ రోజు మీ నాన్న స్వీట్ డబ్బా పట్టుకొని మా ఇంటికొచ్చిండు. వంద టన్నుల బండి, ఓపెన్ కాస్ట్ల (పైనుంచి తవ్వే బొగ్గు గనిల) అంత దుమ్ముల, రాత్రిపూట. కింద మనుషులు తిరుగుతుంటరు. ఖాళీ కడుపుతోని ఒక్క క్షణం తల తిరిగితే? స్టీరింగ్ ముందల కూసునేటోడికి ఉపాసాలు వద్దు. ఇది సలహా కాదు, నా మాట అనుకో.

షిఫ్ట్ వారానికొకటి మారుతది, తిండి దానికి తగ్గట్టు పెట్టుకో. ఫస్ట్ షిఫ్ట్ అయితే ఇల్లు దాటకముందే రెండు జొన్నరొట్టెలు, పప్పో గుడ్డో. ఒక్క గ్లాసు అంబలి చాలదు. సెకండ్ షిఫ్ట్ అయితే పగటీలి ఒంటిగంటకు కడుపునిండ తిను, పొద్దుగూకినంక తిననీకి బొబ్బెర గుడాలో, శనగ గుడాలో డబ్బల తీస్కపో. రాత్రి 11 దాటినంక ఇంటికొచ్చి గుట్టంత అన్నం తిని పండకు. నైట్ షిఫ్ట్ అయితే పోయేముందు అసలు భోజనం అయిపోవాలె. నడిజామున క్యాంటీన్ బజ్జీల జోలికి పోకు, గుప్పెడు పల్లీలు, ఇంత చల్ల తాగు. పొద్దున వచ్చి ఇడ్లీనో ఉప్పుడుపిండో తేలికగ తిని, అర్ర చీకటి చేసుకొని పండుకో. ఫోన్ బయట పెట్టు. నిద్ర తక్కువైనోడికి ఆకలి పుట్టించే హార్మోన్ పెరుగుతది, కడుపు నిండిందని చెప్పేది తగ్గుతది. నైట్ షిఫ్ట్ వారంల నీకు చక్కెర మీదికి, నూనె మీదికి మనసు పోతదంటే అది నీ బలహీనత కాదు. నిద్ర బాకీ ఉన్నదని అర్థం.

నడక సంగతి. వారానికి 150 నిమిషాలు జర వేగంగ నడవాలంటరు, రెండు రోజులు కండలకు పని చెప్పాలంటరు. నేను ఇక్కడ వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్త. మీ రామగుండం ఎండల పొద్దు ఎక్కినంక నడవద్దు, తెల్లారకముందో రాత్రి తిన్నంకనో నడువు. తిన్నంక పది నిమిషాలు కాళ్లు కదిలించినా చక్కెర సర్దుకుంటది. ఇంట్ల గుంజీలు, దండాలు తియ్. ఎనిమిది గంటలు సీట్ల అదురుకుంట కూసుంటవ్, నడుముకు గూడ అవి అవసరం. మీ నాన్న మోకాలు చూసినవ్ గద, నీ మోకాళ్ల మీద బరువు పడనీయకు.

మందు గురించి ఒక్కసారే చెప్త, కోపం తెచ్చుకోకు. దోస్తులతోని ఆదివారం కూసుంటున్నవని నాకు తెలుసు. మందుల ఉండే శక్తి కొవ్వుకు కొంచమే తక్కువ, పక్కన చికెన్ పకోడీలు ఎన్ని పోతయో ఎవ్వడు చూడడు. మీ నాన్నను తాగకున్నా తాగుబోతన్నరు. ఆ ఇంటి పిల్లగానివి నువ్వు. మటన్ తిను, కూర చేసుకొని తిను, నేనేమన్న అంటనా?

ఎంత తగ్గాలె అంటే, తొందర వద్దు. నెలకు కిలోన్నర, రెండు కిలోలు చాలు. తొంభై కిలోల మనిషి ఐదు కిలోలు దిగినా బీపీకి, షుగర్‌కు మంచిదే. ఒక నెల ఏం దిగకపోతే తిండి ఇంకింత కోసుకోకు, నాకు ఫోన్ చెయ్, ఏం తిన్నవో ఇద్దరం కలిసి చూద్దం.

ఇంట్ల షుగర్ ఉన్నది కాబట్టి ఈ నెలల పరగడుపు షుగర్, మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, థైరాయిడ్ పరీక్షలు చేయించుకో. ఆదివారం కాకుండ రెస్ట్ దొరికిన రోజు పో, గుంపు తక్కువ ఉంటది. రిపోర్ట్ ఫోటో తీసి నాకు, మీ నాన్నకు ఇద్దరికి పంపు. సద్దుల బతుకమ్మకు ఇంటికి రా. మీ అత్తమ్మ మలీద ముద్దలు, నువ్వుల సద్ది చేస్తది. ఆ రోజు కడుపునిండ తిను, తెల్లారి నాతోని కట్ట మీదికి నడవనీకి వస్తవ్. పొద్దున ఏం తిని డ్యూటీకి పోయినవో రేపు మీ అమ్మతోని నాకు చెప్పిపియ్యి.

నీ మామ