గంటస్తంభం దగ్గర పాత ఇల్లు: బిల్డర్‌కి ఇవ్వాలా, ఇస్తే వాటాగా ఏం తీసుకోవాలి?

ప్రశ్న: నా వయసు 61. విజయనగరం గంటస్తంభానికి దగ్గర్లో మా మామగారు కొన్న 640 గజాల స్థలంలో పాత పెంకుటిల్లు ఉంది. అత్తమామలు, మావారు ఇప్పుడు లేరు. మామగారు వీలునామా రాయలేదు. నాకు ఫ్యామిలీ పెన్షన్ 21,000 వస్తుంది. ఒక బిల్డర్ కింద ఎనిమిది షాపులు, పైన నాలుగు అంతస్తుల్లో పన్నెండు త్రిబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు కట్టి సగం ఇస్తానంటున్నారు. 15 లక్షల గుడ్‌విల్ (వాటా కాక విడిగా ఇచ్చే సొమ్ము) కూడా ఇస్తారట. ఫ్లాట్లు అడుగు 4,000 చొప్పున పోతాయంటున్నారు. మరిది ఒప్పుకున్నారు. ఆడపడుచుకు ఇవ్వాల్సింది పెళ్లిలోనే ఇచ్చేశారు. మా అబ్బాయి మొత్తం అమ్మేసి భోగాపురం వైపు ప్లాట్లు కొందామంటున్నాడు. తెలిసినవాళ్లేమో ఫ్లాట్లు మరిదికి వదిలేసి షాపులన్నీ నన్నే తీసుకోమంటున్నారు. ఏది మంచిది?

జవాబు: అమ్మా, బిల్డర్ సంగతి తర్వాత చూద్దాం. ముందు మీ ఆడపడుచు గురించి మాట్లాడాలి. పెళ్లిలో ఎంత ఇచ్చినా ఆమె వాటా పోదు. ఇది మీ మామగారు సొంతంగా కొన్న ఆస్తి, పైగా వీలునామా లేదు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం ఇలాంటి ఆస్తిలో కొడుకులతో సమానంగా కూతురికీ హక్కుంది. అంటే స్థలం మూడు వంతులు: మీవారిది ఒకటి, మరిదిది ఒకటి, ఆడపడుచుది ఒకటి. మీవారి వంతులో మళ్లీ మీకు, మీ పిల్లలకు సమాన హక్కు. పెళ్లైన అమ్మాయి ఉంటే ఆమెకూ అంతే.

ఆమె సంతకం లేకుండా ముందుకు వెళ్తే ఏమవుతుందో చెబుతాను. బిల్డర్ స్లాబులు వేశాక ఆమె గానీ, ఆమె పిల్లలు గానీ కోర్టుకు వెళ్లి స్టే తెచ్చుకోవచ్చు. స్టే రాకపోయినా, లీగల్ ఒపీనియన్‌లో ఈ లోపం కనబడగానే బ్యాంకులు ఫ్లాట్లు కొనేవాళ్లకు లోన్ ఇవ్వవు. కాబట్టి ఆమెతో కూర్చుని నేరుగా మాట్లాడండి. వాటా వద్దంటే రిజిస్టర్డ్ రిలీజ్ డీడ్ (వాటా వదులుకున్నట్టు పత్రం) రాయించుకోండి. కావాలంటే ఆమెకు రావాల్సిన ఫ్లాట్లు ఆమెకు ఇవ్వండి. చట్టం సంగతి పక్కన పెట్టినా, ఆమె పుట్టిన ఇల్లు అది. ఆమెను అడగకుండా పగలగొట్టించడం నాకు న్యాయం అనిపించదు.

ఇక భోగాపురం. విమానాశ్రయం పేరు మీద అక్కడి ధరలు ఎప్పటినుంచో పెరుగుతూ వచ్చాయి. ఖాళీ ప్లాటు నెలకు ఒక్క రూపాయి అద్దె ఇవ్వదు. మీకేమో నెలనెలా ఆదాయం కావాలి. ఊరి నడిబొడ్డున ఉన్న స్థలం అమ్మి అక్కడ కొనడం మీ వయసుకు, మీ అవసరానికి సరిపోయే పని కాదు. మీ అబ్బాయి తన సంపాదనతో కొనుక్కుంటానంటే అది వేరే విషయం.

బిల్డర్ ప్లాను దగ్గరే నాకు అసలు అభ్యంతరం. మీ వీధిలో త్రిబుల్ బెడ్‌రూమ్ ఎవరు కొంటారు? 1,350 అడుగుల ఫ్లాటు 4,000 చొప్పున 54 లక్షలు. అంత పెట్టగలిగినవాళ్లు కారు పెట్టుకునే చోటు, విశాలమైన రోడ్డు చూసుకుని ఊరి అంచులకు వెళ్తారు. ఉదయం తొమ్మిదిన్నరకు మీ సందు చివర నిలబడి చూడండి. బట్టల షాపుల్లో, బంగారం కొట్లలో పనిచేసే ఆడపిల్లలు, ల్యాబ్ టెక్నీషియన్లు, నర్సులు నెల్లిమర్ల, గంట్యాడ, డెంకాడ వైపు నుంచి ఆటోల్లో, బస్సుల్లో దిగుతుంటారు. రాత్రి షట్టర్లు దించాక మళ్లీ ఆటో కోసం ఎదురుచూస్తారు. గాజులరేగలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలయ్యాక ఊళ్లో ఇల్లు వెతుక్కునేవాళ్లు ఇంకా పెరిగారు. ఊరి మధ్యలో పనిచేసేవాళ్లకు ఊరి మధ్యలో ఇల్లు దొరకడం లేదు. మీ 640 గజాలకు గిరాకీ అక్కడ ఉంది. ఇలాంటి ఇళ్లు రావాలని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను, పైగా లెక్క కూడా అటే చూపిస్తోంది.

అదే నాలుగు అంతస్తుల్లో 800 అడుగుల డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాట్లు అంతస్తుకి అయిదు చొప్పున ఇరవై వస్తాయి. ఒక్కోటి 32 లక్షలు. ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ 2.0 కింద వడ్డీ రాయితీ రావాలంటే ఇంటి ధర 35 లక్షలు, లోన్ 25 లక్షలు దాటకూడదు. కుటుంబ వార్షికాదాయం 9 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా సొంత పక్కా ఇల్లు ఉండకూడదు. అర్హులకు అయిదు వార్షిక వాయిదాల్లో మొత్తం 1.80 లక్షల వరకు వస్తుంది. ఇద్దరికీ కలిపి నెలకు 50,000 వచ్చే నర్సు, సేల్స్‌మన్ జంటను తీసుకోండి. 25 లక్షల లోన్‌కు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లకు ఈఎంఐ దాదాపు 21,700. కొంచెం బరువే, కానీ మోయగలరు. 54 లక్షల ఫ్లాటు వైపు వాళ్లు కన్నెత్తి కూడా చూడలేరు. బిల్డర్‌తో ఈ మాట గట్టిగా చెప్పండి. చిన్న ఫ్లాట్లయితే ఆయన వాటా కూడా త్వరగా అమ్ముడవుతుంది.

షాపులన్నీ మీరే తీసుకోవడం కుదరదు. సగం వాటాలో నాలుగు షాపులు, పది ఫ్లాట్లు వస్తే మీ కుటుంబానికి వచ్చేది అందులో మూడో వంతు: మూడు ఫ్లాట్లు, ఒక షాపు, తేడాకు కొంత డబ్బు. అది చాలు. షాపు అద్దె ఎక్కువే, కానీ ఖాళీ అయితే నెలల తరబడి ఖాళీగా ఉంటుంది. ఇల్లు ఖాళీ అయినా ఆ చోట మళ్లీ ఎవరో ఒకరు త్వరగానే వస్తారు.

అయితే ఇంటి అద్దె మీద ఆశలు మరీ పెంచుకోకండి. 32 లక్షల ఫ్లాటుకు నెలకు 8,500 వచ్చినా ఏడాదికి 3.2 శాతమే. అందుకే మూడింటిలో ఒకటి అమ్మమంటాను. పన్నుకు కొంత తీసి పక్కన పెట్టాక 20 లక్షలు సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేయండి. 2025లో దాని వడ్డీ 8.2 శాతం. ఆ లెక్కన మూడు నెలలకోసారి 41,000 చేతికొస్తాయి. పెన్షన్, రెండు ఫ్లాట్ల అద్దె, షాపు అద్దెతో కలిపి చూస్తే మీకు టెన్షన్ ఉండదు. పిల్లలు తమ వంతు మీకు వదిలితేనే ఈ లెక్క పూర్తిగా మీది. ఆ మాట ఇప్పుడే వాళ్లతో తేల్చుకోండి.

పన్ను దగ్గర ఒక చిక్కుంది. వ్యక్తులు బిల్డర్‌తో రిజిస్టర్ చేసిన డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ (స్థలం ఇచ్చి వాటా తీసుకునే ఒప్పందం) రాసుకుంటే, క్యాపిటల్ గెయిన్స్ పన్ను, అంటే ఆస్తి మీద వచ్చిన లాభానికి పన్ను, సంతకం చేసిన ఏడాది కాదు, పూర్తయినట్టు సర్టిఫికెట్ వచ్చిన ఏడాది పడుతుంది. ఆ రోజున మీ వాటాకు ఉన్న ప్రభుత్వ విలువను మీకు వచ్చిన సొమ్ముగా లెక్కేస్తారు. అంటే చేతికి డబ్బు రాకముందే పన్ను కట్టాల్సి రావచ్చు. ఒక ఫ్లాటు అమ్మమన్నది ఇందుకు కూడా. కానీ సర్టిఫికెట్ రాకముందే అమ్మితే, పన్ను అప్పటిదాకా ఆగే ఈ వెసులుబాటు పోతుంది. పాత ఇంటి లాభానికి బదులు కొత్త ఇల్లు తీసుకుంటే మినహాయింపు ఉంది. అది మామూలుగా ఒక ఇంటికే, లాభం 2 కోట్ల లోపు ఉంటే జీవితంలో ఒక్కసారి రెండిళ్లకు. షాపుకు మాత్రం వర్తించదు. స్థలం 2001కి ముందుదైతే ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువను కొన్న ధరగా తీసుకోవచ్చు, దానికి వాల్యుయర్ రిపోర్టు పెట్టుకోండి.

అగ్రిమెంటులో బిల్డర్ జీపీఏ (మీ తరఫున సంతకాలు చేసే అధికార పత్రం) కూడా అడుగుతారు. ఇవ్వండి, కానీ ఆయన వాటా ఫ్లాట్లకు మాత్రమే, అదీ పని పూర్తయిన కొద్దీ అమ్ముకునేలా. మీ స్థలం మొత్తం తాకట్టు పెట్టి లోన్ తెచ్చుకునే హక్కు ఎట్టి పరిస్థితుల్లోనూ ఇవ్వకండి. సగంలో ఆగిపోయిన బిల్డింగుల యజమానులు అద్దె ఇళ్లలో ఉంటూ బ్యాంకు నోటీసులు అందుకునేది ఈ ఒక్క క్లాజు వల్లే. మున్సిపల్ కార్పొరేషన్‌కు కొంత భాగం తనఖా పెట్టాల్సి వస్తే అది బిల్డర్ వాటాలోంచే ఉండాలి. కట్టేంత కాలం మీ ఇంటి అద్దె ఎవరిస్తారు, గడువు దాటితే నెలకు ఎంత ఇస్తారు, జీఎస్టీ ఎవరు కడతారు అన్నవి అంకెలతో రాయించండి. గుడ్‌విల్ 15 లక్షలు మీకే మిగులుతాయా, తర్వాత తిరిగివ్వాలా అన్నదీ స్పష్టంగా ఉండాలి. మీకే మిగిలేదైతే దాని మీద 10 శాతం టీడీఎస్ (ముందే పట్టుకునే ఆదాయపు పన్ను) కోస్తారు.

మీ స్థలం 535 చదరపు మీటర్లు, షాపులు కలపకపోయినా యూనిట్లు ఎనిమిది దాటుతాయి. కాబట్టి రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. షాపులకూ ఇళ్లకూ ఒకే మెట్లదారి పెడితే ఇళ్లకు అద్దెవాళ్లు నిలవరు, ముఖ్యంగా ఒంటరిగా ఉండే ఆడపిల్లలు. వేరే దారి, ప్రతి ఫ్లాటుకు రెండు బైకుల చోటు, కింద బార్‌గానీ వంటలు చేసే హోటల్‌గానీ ఉండకూడదన్న షరతు ప్లాను దశలోనే అడగండి. గోడలు లేచాక ఇవేవీ మారవు.

బిల్డర్ టోకెన్ అడ్వాన్స్ అంటూ వస్తే తీసుకోకండి. ఈ నెలలో లింకు డాక్యుమెంట్లు (స్థలం పాత దస్తావేజులు), ఈసీ (స్థలం మీద లావాదేవీలు, తాకట్లు చూపే పత్రం), కుటుంబ సభ్యుల ధ్రువపత్రం తీయించి, మీ ఆడపడుచును పిలిచి, ముగ్గురి తరఫునా ఒకే లాయర్‌ను పెట్టుకోండి. ఆ లాయర్ బిల్డర్ తీసుకొచ్చినవాడై ఉండకూడదు. ఫీజు మీరే కట్టండి.