కండరాల జబ్బులపై పరిశోధన.. పేషెంట్లతో పనేంటి?

ప్రశ్న: మా అమ్మాయి బయోకెమిస్ట్రీలో పీజీ చేస్తోంది. కండరాలు క్షీణించే జబ్బుల మీద పీహెచ్‌డీ చేస్తానంటోంది. అంతవరకూ సంతోషమే. కానీ పేషెంట్లతో, వాళ్ల కుటుంబాలతో కలిసి పనిచేసే ల్యాబే కావాలని పట్టుబడుతోంది. అది డాక్టర్లు చూసుకునే పని కదా? సైంటిస్టుగా ఎదగడానికి అడ్డం కాదా?
- ఒక తండ్రి

జవాబు: అడ్డం కాదండీ. ఈ రంగంలో అయితే అసలే కాదు. న్యూరోమస్క్యులర్ (నరాలు, కండరాలకు సంబంధించిన) జబ్బుల పరిశోధన ఇంత దూరం రావడంలో పేషెంట్ల కుటుంబాల చెయ్యి చాలా ఉంది. ఫ్రాన్స్‌లో 1958లో అలాంటి కుటుంబాలే ఒక సంఘం పెట్టుకున్నాయి. 1987 నుంచి టీవీలో టెలిథాన్ (గంటల తరబడి సాగే విరాళాల కార్యక్రమం) నడిపి విరాళాలు పోగుచేశాయి, 1990లో జెనెథాన్ అనే ల్యాబ్‌నే స్థాపించాయి. వెన్నుపాములోని నరకణాలు దెబ్బతిని కండరాలు క్షీణించే స్పైనల్ మస్క్యులర్ ఆట్రఫీకి మూలమైన ఎస్‌ఎంఎన్1 జన్యువును 1995లో పట్టుకున్నదీ ఆ దేశంలోని జూడిత్ మెల్కీ బృందమే. ఆ జబ్బుకు తొలి మందు నూసినెర్సెన్‌కు అమెరికాలో అనుమతి వచ్చింది 2016 డిసెంబరులో. అంటే ఇరవై ఏళ్లకు పైనే. ఈ రంగంలో ఓపిక ఎంత కావాలో దీన్నిబట్టే అర్థం చేసుకోవచ్చు.

డబ్బు సంగతి అలా ఉంచి, సైన్స్ విషయానికే వద్దాం. డుషేన్ మస్క్యులర్ డిస్ట్రఫీ, అంటే జన్యులోపం వల్ల కండరాలు క్రమంగా క్షీణించే జబ్బు, ఎక్కువగా మగపిల్లలకు వస్తుంది. మందు పనిచేస్తోందా లేదా తేల్చడానికి ట్రయల్స్‌లో చాలాకాలంగా వాడుతున్న కొలత ఆరు నిమిషాల నడక. వరండాలో అటూ ఇటూ నడిపించి, ఎన్ని మీటర్లు నడిచాడో రాసుకుంటారు. మరి పన్నెండు, పదమూడేళ్లకు వీల్‌చెయిర్‌కి మారిన కుర్రాడి సంగతి? ఈ పరీక్షలో అతనికి కొలతే లేదు. అతన్ని అడిగితే ముద్ద నోటిదాకా ఎత్తుకోగలగడం, రాత్రి పక్కమీద తనంతట తాను ఒత్తిగిల్లడం, వేలితో జాయ్‌స్టిక్ కదపడం తనకు ముఖ్యమంటాడు. చేతుల శక్తిని కొలిచే పీయూఎల్ అనే స్కేలును పేషెంట్లు, తల్లిదండ్రుల మాట కూడా విని తయారుచేశారు. ఏది కొలవాలో తెలియకపోతే మంచి మందును కూడా పనికిరాదని పక్కన పడేసే ప్రమాదం ఉంది. మీ అమ్మాయి అడుగుతున్న ‘కలిసి పనిచేయడం’ ఇదే. రక్తం శాంపిల్ ఇచ్చి వెళ్లడం వేరు, ఏ ప్రశ్న మీద పరిశోధన చేయాలో చెప్పడం వేరు.

అలాగని ల్యాబ్ పని తగ్గదు. సెల్ కల్చర్, ఆర్‌ఎన్‌ఏ సీక్వెన్సింగ్, డేటా విశ్లేషణకు ఆర్ లేదా పైథాన్ ప్రోగ్రామింగ్ గట్టిగా రావాలి. చేతిలో ఈ విద్య లేకుండా సానుభూతి ఒక్కటే ఉంటే ఆ కుటుంబాలకూ ఉపయోగం లేదు. పీహెచ్‌డీకి నాలుగు నుంచి ఆరేళ్లు, ఆపైన పోస్ట్‌డాక్ అనే తాత్కాలిక పరిశోధన ఉద్యోగం. తర్వాత యూనివర్సిటీలే కాక, మందుల కంపెనీల క్లినికల్ విభాగాలు, పేషెంట్ల వివరాలు నమోదు చేసే రిజిస్ట్రీలు, పేషెంట్ సంఘాల పరిశోధన విభాగాల్లోనూ ఉద్యోగాలున్నాయి.

కష్టం ఒకటుంది, దాచను. డుషేన్ పరిశోధనలో ఎక్కువగా వాడే ఎండీఎక్స్ అనే రకం ఎలుకలో జబ్బు మనుషుల్లో ఉన్నంత తీవ్రంగా ఉండదు. ఎలుకల్లో బాగా పనిచేసినవి పిల్లల్లో విఫలమైన సందర్భాలు చాలా ఉన్నాయి. ‘మందు ఎప్పుడొస్తుంది?’ అని ఓ తల్లి ముఖంలోకి చూసి అడిగితే లేనిపోని ఆశ పెట్టకుండా, ఉన్న ఆశ తుంచేయకుండా జవాబు చెప్పడం నేర్చుకోవాలి. దానికి సిలబస్ లేదు. ఇప్పటి నుంచే ఒక అలవాటు చేయించండి. తన డిసర్టేషన్‌ను సైన్స్ చదవని వాళ్లకు అర్థమయ్యేలా ఒక పేజీలో తెలుగులో రాసి మీకు వినిపించమనండి. మీకు ఎక్కడ అర్థం కాలేదో మొహమాటపడకుండా చెప్పండి. పేషెంట్ సంఘాలు ఇచ్చే గ్రాంట్లకు ఇలాంటి సారాంశం అడగడం మామూలే. కొన్నిచోట్ల దాన్ని చదివి అభిప్రాయం చెప్పేది పేషెంట్లే.

ల్యాబ్ ఎంచుకునేటప్పుడు గైడ్‌ను ఒక్క మాట అడగమనండి: ‘పేషెంట్లు చెప్పినదాని వల్ల మీ ప్రాజెక్టులో ఏం మారింది?’ అని. ఫలానాది మార్చామని చెప్పగలిగితే నిశ్చింతగా చేరొచ్చు. అవగాహన దినోత్సవం ఫొటోలు చూపించి ఊరుకుంటే అక్కడ సైన్స్ బాగుండొచ్చేమో గానీ, తను వెతుకుతున్నది దొరకదు. అప్పుడు న్యూరాలజీ క్లినిక్ నడిపే డాక్టరు ఎవరైనా కో-గైడ్‌గా ఉండే వీలుందేమో కనుక్కోవాలి.