రికార్డులు తీసేశాం, డిస్క్ మాత్రం నిండుగానే ఉంది

ప్రశ్న: మా సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ ఉంది. డిస్క్ నిండిపోతోంది. ఏ టేబుల్ ఎంత చోటు తింటోందో ఎలా చూడాలి? పాత ఆర్డర్లు సగానికి సగం డిలీట్ చేసినా సైజు తగ్గలేదు.

జవాబు: చాలామంది టేబుల్ సైజు చెప్పే పీజీ_రిలేషన్_సైజ్ అనే ఫంక్షన్ చూసి మోసపోతుంటారు. అందులో అసలు డేటా ఫైలు లెక్క మాత్రమే వస్తుంది. వెతుకులాట వేగంగా జరగడానికి పెట్టుకునే ఇండెక్సులు రావు, పెద్ద టెక్స్ట్, జేసన్ విలువలు విడిగా దాచే టోస్ట్ టేబులూ రాదు. అన్నీ కలిపి కావాలంటే పీజీ_టోటల్_రిలేషన్_సైజ్ వాడండి. చాలా అడ్మిన్ ప్యానెళ్లు "సైజు" అని ఒక్క అంకె చూపించి ఊరుకుంటాయి, అది దేని లెక్కో చెప్పవు, నాకు ఒళ్లు మండేది అక్కడే. పోస్ట్‌గ్రెస్ కాకుండా మైఎస్‌క్యూఎల్ 8 డేటాబేస్ వాడేవాళ్లు ఇంకో సంగతి గుర్తుంచుకోవాలి: టేబుళ్ల వివరాలు చూపే ఇన్ఫర్మేషన్ స్కీమాలో కనిపించే సైజు 24 గంటల పాతది కావచ్చు, ముందు 'అనలైజ్ టేబుల్' కమాండ్ నడపండి.

ఇక పోస్ట్‌గ్రెస్‌లో డిలీట్ సంగతి. డిలీట్ చేసిన రికార్డు అక్కడే పడి ఉంటుంది, చనిపోయినట్టు దాని మీద ఒక గుర్తు పడుతుందంతే. ఇలాంటి చనిపోయిన రికార్డులను శుభ్రం చేసే 'వాక్యూమ్' కమాండ్ ఆ చోటును అదే టేబుల్‌లో మళ్లీ వాడుకోనిస్తుంది కానీ డిస్క్‌కి తిరిగి ఇవ్వడం అరుదు. 'వాక్యూమ్ ఫుల్' అనే ఇంకో కమాండ్ తిరిగి ఇస్తుంది, అయితే టేబుల్ మొత్తాన్ని కొత్తగా రాస్తుంది కాబట్టి అదనపు చోటు కావాలి, పైగా అది అయ్యేదాకా ఆ టేబుల్‌ని ఎవరూ చదవనైనా చదవలేరు. డిస్క్ పీకల దాకా నిండాక పట్టపగలు దాన్ని నడిపి "సైట్ ఆగిపోయింది సార్" అని రాస్తే నేనేం చేయను?

నాకు అసలు టెన్షన్ వేరే. టేబుళ్లను సైజు వారీగా పేర్చి చూడండి, పైవరుసలో 'కస్టమర్స్_బ్యాకప్', 'కస్టమర్స్_ఓల్డ్_ఫైనల్' లాంటివి తేలతాయి. ఎవరో ఏదో మార్పుకి ముందు భయపడి కాపీ తీసి, ఆ తర్వాత ఉద్యోగం మారిపోయి ఉంటారు. అందులో జనం ఫోన్ నంబర్లు, పాన్ నంబర్లు. అసలు టేబుల్ మీద మీరు జాగ్రత్తగా పెట్టుకున్న రో లెవల్ సెక్యూరిటీ నియమాలు, అంటే ఎవరు ఏ వరుసలు చూడొచ్చో చెప్పేవి, ఆ కాపీకి రావు. వ్యక్తి కోరితే అతని డేటా చెరిపేయాలని 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో ఉంది, మీరేమో అసలు టేబుల్‌లో డిలీట్ కొట్టి చేతులు దులుపుకుంటారు, ఆ మనిషి వివరాలు కాపీలో చెక్కుచెదరకుండా ఉంటాయి. చోటు కోసం వెతుకుతూ వీటిని చూసి కూడా "తర్వాత చూద్దాం" అని వదిలేసే వాళ్లను చూస్తే కోపం వస్తుంది.

అవసరం లేదని తేలిన కాపీని డ్రాప్ చేయండి, అంటే టేబుల్‌నే మొత్తంగా తీసేయండి, ఆ చోటు వాక్యూమ్‌తో పని లేకుండానే డిస్క్‌కి తిరిగొస్తుంది. ఆర్డర్ల టేబుల్‌ని మాత్రం నెలల వారీ పార్టిషన్లుగా, అంటే విడివిడి ముక్కలుగా, మార్చుకోండి. అప్పుడు పాత నెలను డిలీట్ చేయక్కర్లేదు, ఆ పార్టిషన్‌నే తీసేస్తే సరిపోతుంది.