కుంకుడుకాయతో తలంటుకుంటున్నా జుట్టు బిరుసెక్కుతోంది.. ఎందుకు?

ప్రశ్న: నా వయసు 34. నిజాంపేటలో అపార్ట్‌మెంట్‌లో ఉంటాం. షాంపూ మానేసి రెండు నెలలైంది. ముందురోజు రాత్రి కొబ్బరినూనె బాగా పట్టించి, వారానికి రెండుసార్లు కుంకుడుకాయలతో తలంటుకుంటున్నాను. జుట్టు గడ్డిలా తయారైంది, కుదుళ్ల దగ్గర మాత్రం జిడ్డు వదలడం లేదు. దురద, తెల్లటి పొట్టు, దువ్వితే గుప్పెడు వెంట్రుకలు. వాడకానికి బోరు నీళ్లే, నల్లా రోజు విడిచి రోజు వస్తుంది. కొన్నాళ్లు ఓపిక పడితే తల అలవాటు పడుతుందని కొందరు, వంటసోడాతో రుద్ది వెనిగర్‌తో కడగమని కొందరు చెబుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: ముందు ఆ ‘అలవాటు’ సంగతి. షాంపూ మానేస్తే మాడు తనంతట తానే జిడ్డు తగ్గించుకుంటుందన్న మాట బాగా ప్రచారంలో ఉంది. మాడులోని నూనె గ్రంథులు ప్రధానంగా హార్మోన్లను బట్టి పనిచేస్తాయి. మీరు దేనితో కడిగారో వాటికి పట్టదు. రెండు నెలలుగా జిడ్డు వదలడం లేదంటే ఇంకో రెండు నెలలు ఓపిక పట్టినా అంతే.

కుంకుడుకాయ తప్పేం కాదు. దాని తొక్కలో ఉండే సపోనిన్లు జిడ్డును పట్టి నీళ్లలో కలిపేస్తాయి. షాంపూ చేసే పనీ అదే. కాకపోతే గాఢత ఎంతో ఎవరూ కొలిచి ఇవ్వని షాంపూ ఇది. ఇక్కడే చిక్కంతా. రాత్రి పట్టించిన నూనెకు నురగ చచ్చిపోతుంది. నురగ రాలేదని రసం ఇంకా చిక్కగా పోస్తారు. కొసలు అసలే పొడిబారి ఉంటాయి కాబట్టి అవి గడ్డిలా అవుతాయి. కుదుళ్ల దగ్గర నూనె మాత్రం సగం అలాగే ఉండిపోతుంది.

నడుము దాకా జుట్టుంటే ఎనిమిది, పది కాయలు చాలు. పగలగొట్టి నల్ల గింజలు తీసేయండి, వాటికి నురగ రాదు. తొక్కల్ని అర లీటరు గోరువెచ్చటి నీళ్లలో రాత్రంతా నానబెట్టి, పొద్దున పిసికి, పలచటి నూలు గుడ్డలో రెండుసార్లు వడకట్టండి. టీ జల్లెడ సరిపోదు, సన్నటి నలుసులు దిగిపోతాయి. అవే తలలో ఎండి పొట్టులా కనిపిస్తాయి. ఈ రసానికి మరో అర లీటరు నీళ్లు కలపాలి. చాలామంది వదిలేసేది ఈ పనే. ఏ పూట రసం ఆ పూటే. మిగిలితే ఫ్రిజ్‌లో రెండు రోజులు, పులిసిన వాసన వస్తే పారబోయండి.

తల తడిపి పాయలు తీసి, రసాన్ని పాయల మధ్య మాడు మీద పోయండి. గోళ్లతో గీరకుండా వేళ్ల కొసలతో రెండు నిమిషాలు రుద్దితే చాలు. కొసలకు ప్రత్యేకంగా పట్టించక్కర్లేదు, కిందికి జారే రసంతోనే శుభ్రపడతాయి. ఒకసారి కడిగేసి, మిగిలిన రసంతో ఇంకోసారి. తల వెనక్కి వంచే పోసుకోండి. కుంకుడు రసం కంట్లో పడితే మంట ఒక్కటే కాదు, నల్లగుడ్డు పైపొర దెబ్బతినవచ్చు. అలా పడితే వెంటనే శుభ్రమైన నీటి ధార కింద 15 నిమిషాలు కడగాలి. గంట తర్వాత కూడా చూపు మసగ్గా ఉన్నా, కన్ను తెరవలేకపోయినా ఆలస్యం చేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

ఇక బోరు నీళ్లు. ఓ ప్లాస్టిక్ సీసాలో సగం దాకా పోసి, నాలుగు సబ్బు ముక్కలు తురిమి వేసి గట్టిగా కుదపండి. నురగ నిలవకుండా నీళ్లు పాలలా తెల్లబడితే అందులో కాల్షియం, మెగ్నీషియం లవణాలు ఎక్కువన్నమాట. అవి వెంట్రుకకు పట్టుకునే గరుకుగా తోస్తుంది. తలంటు మొత్తానికీ కాకపోయినా ఆఖరి రెండు మగ్గులకు నల్లా నీళ్లు పట్టి ఉంచుకోండి. ఆర్‌ఓ మిషన్ బయటికి వదిలే నీళ్లు మాత్రం వద్దు. వృథా పోతున్నాయని తలకు పోసుకునేవాళ్లున్నారు, మిషన్ తీసేసిన లవణాలన్నీ చేరేది అందులోనే.

వంటసోడా వద్దే వద్దు. అది క్షార గుణం ఉన్న పదార్థం, చర్మం పైపొర కొద్దిగా ఆమ్ల గుణంతో ఉంటుంది. సోడాకు వెంట్రుక పైపొలుసులు పైకి లేచి చిక్కుపడి తెగుతాయి. వెనిగర్ కావాలంటే చివర్లో ఒక మగ్గు నీళ్లకు ఒక చెంచా చొప్పున కలిపి కొసలకు పోసుకోవచ్చు, పుండ్లుంటే అదీ వద్దు. నిమ్మరసం పూసుకుని డాబా మీద ఎండలో కూర్చోకండి. నిమ్మకు ఎండ తోడైతే చర్మం కాలినట్టు బొబ్బలెక్కి నల్ల మచ్చలు పడతాయి. శీకాయ అయితే పొడి నేరుగా పూయకుండా మరిగించి వడకట్టి వాడండి. పెసరపిండికి ఇంత నూనె వదలదు.

దురద, పొట్టు మాత్రం కడగడంతో తేలే వ్యవహారం కాదు. పొట్టు గోధుమరంగులో ఉండి నీళ్లకు పోతే రసం నలుసులే. తెల్లగానో పసుపుగానో, జిడ్డుగా మాడుకు అంటుకుని, కనుబొమల్లో కూడా కనిపిస్తే చుండ్రు. చుండ్రులో మలసీజియా అనే ఫంగస్ పాత్ర ఉంటుంది, మాడు మీది నూనే దానికి ఆహారం. రాత్రంతా నూనె పెట్టి ఉంచడమంటే దానికి భోజనం వడ్డించడమే. నాలుగు వారాలు మాడుకు నూనె మానేయండి. పొడిబారితే కొసలకు ఒక చెంచా చాలు. ఈ నాలుగు వారాలూ షాంపూ వద్దన్న పట్టుదల కాస్త పక్కన పెట్టి, ఫంగస్‌ను అణిచే మందున్న రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ వారానికి రెండుసార్లు మాడుకు రుద్ది, ఐదు నిమిషాలు ఉంచి కడగండి. గర్భిణి అయితే, పాలిస్తుంటే డాక్టర్‌ని అడిగి వాడండి. తగ్గాక కుంకుడుకాయకే తిరిగి రావచ్చు. తగ్గకపోయినా, చీము పట్టినా, గుండ్రంగా జుట్టు ఊడి మచ్చలు పడినా చర్మవ్యాధుల నిపుణులకు చూపించుకోండి.

రాలే జుట్టు గురించి ఒక చిన్న పరీక్ష. దువ్వెనకు వచ్చిన వెంట్రుకలు ఓ పది తీసి, నల్లటి గుడ్డ మీద పెట్టి చూడండి. చివర ఆవగింజకన్నా చిన్న తెల్లటి బుడిపె ఉంటే కుదురు నుంచి ఊడినవి. పొట్టిగా, బుడిపె లేకుండా ఉంటే మధ్యలో తెగినవి, వాటికి కారణం బిరుసు, చిక్కులే. రోజుకు 50 నుంచి 100 దాకా బుడిపెతో రాలడం మామూలే. అంతకు మించితే గత రెండు మూడు నెలల్లో డెంగీ, టైఫాయిడ్ లాంటి జ్వరం వచ్చిందా, కాన్పయిందా, తిండి బాగా తగ్గించారా గుర్తు చేసుకోండి. అలాంటి జుట్టు సాధారణంగా ఆరు నెలల్లో సర్దుకుంటుంది. ఇవేవీ లేకపోతే హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), టీఎస్‌హెచ్ (థైరాయిడ్) పరీక్షలు చేయించుకుని, రిపోర్టులతో డాక్టర్‌ని కలవండి.