మానసిక ఆరోగ్య పరిశోధన చేయాలనుకునే మన డిగ్రీ విద్యార్థులకు

అమ్మాయి సైకాలజీలో బ్యాచిలర్స్ చేస్తానంటోంది, మానసిక ఆరోగ్యం మీద పరిశోధన చేస్తానంటోంది, ఆ చదువుకు ముందుముందు బతుకుతెరువు ఉంటుందా అని అమెరికాకు కొత్తగా వచ్చిన తెలుగు తల్లిదండ్రులు నన్ను తరచుగా అడుగుతున్నారు. తప్పకుండా ఉంటుంది. అయితే చదివే నాలుగేళ్ళలో ఆమె ఏదైనా ల్యాబ్‌లో ఎంత పని చేసిందన్న దాని మీదే అది చాలావరకు ఆధారపడుతుంది.

ముందుగా ఒక విషయం స్పష్టంగా తెలుసుకోవాలి. సైకాలజీ బ్యాచిలర్స్ ఒక్కటే ఉంటే స్వతంత్రంగా చికిత్స చేసే లైసెన్సు ఇక్కడ రాదు. కౌన్సెలర్ కావాలంటే మాస్టర్స్, ఆ తర్వాత పర్యవేక్షణలో పనిచేసిన అనుభవం ఉండాలి. క్లినికల్ సైకాలజిస్టుకు డాక్టరేటు అవసరం. సైకియాట్రిస్టు కావాలంటే వైద్యవిద్య, దానిపైన నాలుగేళ్ళ రెసిడెన్సీ చేయాలి. పరిశోధన మీద మనసున్న వారికి సరిపడేది పీహెచ్‌డీ. క్లినికల్ పీహెచ్‌డీకి ఏడాది ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఐదారేళ్ళు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది, కాని మంచి విశ్వవిద్యాలయాలు సాధారణంగా ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తాయి. పరిశోధన కన్నా చికిత్స మీద ఎక్కువ దృష్టి పెట్టే డాక్టరేటు అయిన సై.డీ (PsyD) కోర్సులకు ఎక్కువగా సొంత డబ్బే కట్టుకోవాలి. పీహెచ్‌డీ సీట్లు చాలా తక్కువ కాబట్టి, ఎంపిక చేసే ప్రొఫెసర్లు మార్కులతో పాటు అభ్యర్థి పరిశోధన అనుభవాన్ని చాలా జాగ్రత్తగా చూస్తారు.

అందుకే రెండో ఏడాదిలోనే ల్యాబ్‌లో చేరే ప్రయత్నం మొదలుపెట్టండి. ‘రెస్పెక్టెడ్ సర్’ అంటూ ఒకే ఈమెయిలును ఇరవై మందికి పంపితే ఎవరూ జవాబివ్వరు. ముగ్గురు నలుగురు ప్రొఫెసర్లను ఎంచుకుని, ఒక్కొక్కరి ఇటీవలి వ్యాసాలు రెండు చదివి, వాటిలో మీకు ఆసక్తి కలిగించిన ప్రశ్న ఏదో, వారానికి ఎన్ని గంటలు ఇవ్వగలరో, ఎన్ని సెమిస్టర్లు ఉండగలరో ఐదారు వాక్యాల్లో రాయండి. ఒక్క సెమిస్టరు ఉండి వెళ్ళిపోయే విద్యార్థికి పని నేర్పించడానికి ఎవరూ ఇష్టపడరు. చేరిన కొత్తలో సమ్మతి పత్రాలు సరిచూడడం, పరిశోధన వివరాలు భద్రపరిచే రెడ్‌క్యాప్ అనే సాఫ్ట్‌వేర్‌లో సమాచారం ఎక్కించడం, ఇంటర్వ్యూల రికార్డింగులు విని రాయడం వంటి పనులే ఇస్తారు. వాటిని చిన్నచూపు చూడకండి; ఒక అధ్యయనం ఎక్కడ దారి తప్పుతుందో ఆ పనుల్లోనే అర్థమవుతుంది.

గణాంకశాస్త్రం తప్పించుకునే వీలు లేదు. 2015లో వెలువడిన ఒక పెద్ద ప్రయత్నంలో సైకాలజీ పత్రికల్లో వచ్చిన 100 అధ్యయనాలను మళ్ళీ చేసి చూస్తే, సుమారు 36 శాతంలోనే గణాంకపరంగా చెప్పుకోదగిన ఫలితం మళ్ళీ వచ్చింది. ఆ తర్వాత ఈ రంగంలో లెక్క మీద పట్టుదల చాలా పెరిగింది. గణాంకాలకు వాడే ‘ఆర్’ (R) అనే ప్రోగ్రామింగ్ భాషలో విశ్లేషణ చేయగల డిగ్రీ విద్యార్థిని ఏ ల్యాబ్ అయినా ఆదరిస్తుంది. లెక్కల్లో గట్టి పునాదితో వచ్చే మన పిల్లలకు ఇది నిజంగా కలిసివచ్చే విషయం.

వీసా సంగతి తల్లిదండ్రులు కూడా శ్రద్ధగా చూడాలి. హెచ్-4 మీద, అంటే హెచ్-1బీ వంటి వీసాలపై పనిచేసేవారి కుటుంబానికిచ్చే వీసా మీద ఉన్న పిల్లలు చదువుకోవచ్చు కాని జీతానికి పని చేయకూడదు. పైగా 21 ఏళ్ళు నిండగానే ఆ హోదా పోతుంది కాబట్టి డిగ్రీ మధ్యలోనే విద్యార్థి వీసా ఎఫ్-1కు మారవలసి రావచ్చు. జీతం ఇచ్చే ఉద్యోగాన్ని ఉచితంగా చేస్తామనడం కూడా చిక్కులు తెస్తుంది. పరిశోధనను క్రెడిట్ కోర్సుగా నమోదు చేసుకోవడం అన్నిటికన్నా భద్రమైన మార్గం. నేషనల్ సైన్స్ ఫౌండేషన్ డబ్బుతో నడిచే ఆర్ఈయూ అనే డిగ్రీ విద్యార్థుల వేసవి పరిశోధన అవకాశాలు, ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఎన్ఐహెచ్‌లో డిగ్రీ తర్వాత చేసే పోస్ట్‌బ్యాక్ శిక్షణ కూడా అమెరికా పౌరులకు, గ్రీన్‌కార్డు ఉన్నవారికి ఉద్దేశించినవి. ఎఫ్-1 వారు విశ్వవిద్యాలయం ఇచ్చే ఐ-20 పత్రంలో తమ కోర్సు కోడ్ చూసుకోవాలి: సాధారణ సైకాలజీ కోడ్ 42.0101 ప్రభుత్వపు స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజనీరింగ్, గణితం) కోర్సుల జాబితాలో లేదు, అదే ప్రయోగాత్మక సైకాలజీ, కాగ్నిటివ్ సైకాలజీ, న్యూరోసైన్స్ ఉన్నాయి. డిగ్రీ తర్వాత 12 నెలల ఓపీటీతో (ఎఫ్-1 వారు చదువుకున్న రంగంలో పనిచేసేందుకు ఇచ్చే అనుమతితో) ఆగిపోవడమా, మరో 24 నెలలు ల్యాబ్‌లో పని చేయగలగడమా అన్నది ఆ కోడ్ మీద ఆధారపడుతుంది. మేజర్ ఖరారు చేసే ముందే అంతర్జాతీయ విద్యార్థుల కార్యాలయంలో అడగండి.

ఇది మనవాళ్ళ చదువు కాదనే పెద్దలకు ఒక మాట. సికింద్రాబాదులో పుట్టి, నిజాం కళాశాలలో చదివి, ఓహాయో స్టేట్‌లో పీహెచ్‌డీ చేసిన మహ్‌జరీన్ బనాజీ సామాజిక మనస్తత్వశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధి పొంది హార్వర్డ్‌లో ప్రొఫెసర్ అయ్యారు. పైగా జీవితకాలంలో వచ్చే మానసిక రుగ్మతల్లో సగం 14 ఏళ్ళకే, నాలుగింట మూడు వంతులు 24 ఏళ్ళ లోపే మొదలవుతాయని 2005లో ప్రచురితమైన అమెరికా జాతీయ సర్వే తేల్చింది. ఈ పరిశోధన మన ఇళ్ళలోని పిల్లల గురించే జరుగుతోంది.

ల్యాబ్‌లో విన్న ఏ విషయమూ బయట చెప్పకూడదు. మన తెలుగు సమాజం ఇక్కడ చాలా చిన్నది. పేరు చెప్పకపోయినా ఊరూ ఉద్యోగమూ చెబితే మనిషి ఎవరో తెలిసిపోతుంది. ఇతరుల బాధ వింటూ వింటూ మీకే మనసు బరువెక్కితే పర్యవేక్షకులకు చెప్పండి, క్యాంపస్ కౌన్సెలింగ్‌కు వెళ్ళండి. అత్యవసరమైతే అమెరికాలో మానసిక సంక్షోభాల సహాయ నంబరు 988కు ఫోన్ చేయవచ్చు. తిరిగి భారతదేశంలో క్లినికల్ సైకాలజిస్టుగా పనిచేయాలనుకుంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా నమోదు కావాలి, కాబట్టి ఆ నిబంధనలు ఇప్పుడే చదువుకోండి.

చాలా పీహెచ్‌డీ దరఖాస్తుల గడువు డిసెంబరు మొదట్లోనే ముగుస్తుంది. సాధారణంగా మూడు సిఫారసు లేఖలు అడుగుతారు. వాటిలో రెండైనా మీ పరిశోధన పనిని దగ్గరగా చూసినవారు రాయాలి. వారిని సెప్టెంబరులోనే అడగండి, అడిగేటప్పుడు మీరు వారి దగ్గర చేసిన పనుల వివరం ఒక పేజీలో రాసి ఇవ్వండి.