చెరువు సముద్రం ఎట్లయింది?

సందేహం: మాది కేసముద్రం. ఉద్యోగరీత్యా హైదరాబాదులో ఉంటున్నాం. చెరువు నీళ్లే తప్ప సముద్రపు జాడ లేని ఊరికి ఆ పేరు భాషాదోషం కాదా? ‘సాగరం’ అనవలసిందా?

సమాధానం: దోషం కాదు. సముద్రమనగానే ఉప్పునీళ్లే తలపుకు రావడం అర్థసంకోచం వల్ల, అంటే మాటకున్న విశాలమైన అర్థం కుంచించుకుపోవడం వల్ల, మనకు అలవడింది. వేదపదాలకు వ్యుత్పత్తి చెప్పే నిరుక్తంలో యాస్కుడు ‘సమభిద్రవంత్యేనమాపః’ అన్నాడు. నీళ్లన్నీ కూడి దేనివైపు పరుగెత్తుతాయో అది సముద్రమని భావం. తెలంగాణ చెరువుకు ఇంతకంటె చక్కని నిర్వచనం నేనెరుగను. రెండు గుట్టల నడుమ కట్ట పోస్తే, ఎగువన కురిసిన వానంతా వాగులై వచ్చి అక్కడే చేరుతుంది. నిండిన నీరు మత్తడి దూకి దిగువ చెరువుకు పోతుంది. తూము గుండా పారిన నీటితో మాగాణి సాగై, కట్ట మీద మైసమ్మ వెలిసి, ఆ ఆయకట్టు అండన ఊరు నిలుస్తుంది. అందుకే ఎన్నో చోట్ల చెరువు పేరే ఊరి పేరయింది. కాకతీయ గణపతిదేవుని సోదరి మైలాంబ తన తల్లి బయ్యమాంబ పేర చెరువు తవ్వించగా ఆ ఊరు బయ్యారమయింది. అనంతపురం దగ్గరి బుక్కరాయసముద్రమూ చెరువు కట్టను ఆనుకొని పుట్టిన ఊరే. తటాకాన్ని సప్తసంతానాల్లో, అంటే సంతానంతో సమానంగా పుణ్యమిచ్చే ఏడింటిలో, ఒకటిగా లెక్కించిన కాలపు పేర్లివి.

సాగరమన్నా తప్పు లేదు. సగరపుత్రులు తవ్వినది సాగరమని పురాణం. ఇబ్రహీం కుతుబ్‌షా కాలంలో తవ్విన హుస్సేన్ సాగర్‌ను మనం సందేహించకుండా అలాగే పిలుస్తున్నాం.

దోషమంటూ ఎంచవలసి వస్తే నేటి రాతల్లోనే ఎంచాలి. చెరువు, కుంట, మడుగు అని తేడా తెలిపే మాటలుండగా ‘రామప్ప లేక్’, ‘పాకాల లేక్’ అని తెలుగు లిపిలో రాయడం చదువుకున్నవారికి తగదు.

ఇక మీ ఊరి మాట. అరిగజకేసరి బిరుదు గల కాకతీయ మొదటి ప్రోలరాజు కేసరి తటాకం తవ్వించాడు. తటాకమే సముద్రం గనుక దాని పేరు ‘కేసరిసముద్రం’ అనుకుంటే, అందులో దగ్గరదగ్గరగా ఉన్న రెండు సకారాలలో ఒకటి, నడుమనున్న ‘రి’తో సహా, వాడుకలో జారిపోయి ‘కేసముద్రం’ మిగిలిందనడం ధ్వనిరీత్యా సమంజసమే. ఈ రెండు రూపాలకు నడిమి కాలపు శాసనరూపం ఒక్కటి తోడైతే తప్ప దీన్ని సిద్ధాంతమనలేం. అంతవరకు దీనిని బలమైన ఊహగానే గ్రహించండి.