మంచాన పడ్డ పెద్దవాళ్లని ఇంట్లోనే చూసుకోవడానికి విశాఖలో ప్రభుత్వ సాయం ఏమైనా ఉందా?

డబ్బు సాయం ఉంది, మనిషి సాయం మాత్రం మాకు దొరకలేదు. మూడేళ్లుగా పక్షవాతంతో ఉన్న మా అమ్మని చూసుకుంటున్నాను కాబట్టి గట్టిగానే చెప్తున్నా.

మాది కంచరపాలెంలో రెండో అంతస్తు, లిఫ్టు లేదు. యూరిన్ పైపు మార్చాలంటే ఆసుపత్రికే వెళ్లాలి. అమ్మని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి, నడుముకి తువ్వాలు కట్టి, నేనూ తమ్ముడూ కింద వాటా అబ్బాయీ కలిసి దించుతాం. మొదటిసారి మెట్ల మలుపులో కుర్చీ గోడకి తగిలి ఒరిగింది. మాకు పై ప్రాణాలు పైనే పోయాయి. అమ్మేమో "ఏటిరా, అమ్మోరిలా ఊరేగిస్తన్నారు, డప్పులేవి?" అంది. ఆటో ఎక్కాక మాత్రం, వీధిలో అందరి ముందూ పమిట జారిపోయిందని ఏడ్చింది. ఆసుపత్రిలో రెండు గంటలు కూర్చుంటే, నర్సు పైపు మార్చింది పది నిమిషాల్లో.

పింఛను సంగతికొస్తే, మామూలు వృద్ధులకి 4,000. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000. అమ్మకి అదే వస్తుంది, ఒకటో తారీఖున ఇంటికే తెచ్చిస్తారు, వంక పెట్టను. కానీ అదంతా ఆయా జీతానికే సరిపోదు. ఆయాల్ని పంపే ఏజెన్సీ వాళ్ల గురించి చెప్పుకోకపోవడమే మంచిది! అడ్వాన్సు తీసుకుని నెలలో ముగ్గుర్ని మార్చారు. వీపు పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలని మూడో అమ్మాయికి మేమే నేర్పాం. 70 దాటినవాళ్లకి ఆయుష్మాన్ వయ వందన కార్డు మీద ఏడాదికి 5 లక్షల వైద్యం ఉంది, అదీ ఆసుపత్రిలో చేరితేనే.

కేరళలో 2008లోనే పాలియేటివ్ కేర్ (నయం కాని జబ్బులున్నవాళ్లకి బాధ తగ్గించే సేవ) విధానం తెచ్చారు. పంచాయతీల తరఫున నర్సులు ఇళ్లకి వెళ్తారు. మనకంత సిబ్బంది లేరంటారా? 15,000 పింఛన్ల తనిఖీకి 2025లో డాక్టర్లు ఇళ్లకే తిరిగారు కదా! మా రెండంతస్తులూ ఎక్కొచ్చి, అమ్మ చెయ్యి ఎత్తించి చూసి, ఫొటో తీసుకున్నారు. పనిలో పని పైపు కూడా మార్చమంటే, అది మా డ్యూటీ కాదండీ అన్నారు.

మీకు సలహా కావాలంటే, వృద్ధుల హెల్ప్‌లైన్ 14567కి ఫోన్ చేసి చూడండి. అంతకన్నా ముందు కింద వాటా వెతుక్కోండి. మేం మర్రిపాలెంలో వెతుకుతున్నాం. మంచం మీద పేషెంటు ఉందనగానే ఓనర్లు ఇల్లు ఖాళీ లేదంటున్నారు.